మీటరులో మిగిలిన డెబ్బై రెండు

మధ్యాహ్నం రెండుంపావు. నా చేతిలో టోకెను నలభై ఒకటి. గోడ మీద ఎర్రగా వెలుగుతున్న నంబరు ఇరవై తొమ్మిది.

"నేను పదకొండింటికి వచ్చినప్పుడూ ఇరవై తొమ్మిదే ఉంది," అన్నాడు పక్క కుర్చీలో పెద్దమనిషి. "బోర్డు పాడైందట. దానికి సర్వీసు చేయించాలంటే ఇంకో టోకెను తీసుకోవాలేమో."

నవ్వాల్సిన మాటే. నవ్వలేకపోయాను. మూడు రోజులుగా సరిగా నిద్ర లేదు. మోకాళ్లు నావి కానట్టున్నాయి. పైగా నాకున్న టైము గంటా నలభై ఐదు నిమిషాలు. నాలుగింటికి ఈ మోటారు సైకిళ్ల సర్వీసు సెంటరులో పెద్ద మెకానిక్ ఒక కాగితం మీద సంతకం పెడతాడు. 'శుక్రవారం ప్రమాదానికి నా నిర్లక్ష్యమే కారణం' అని ఆ కాగితంలో ఉంది. ఐదింటికి పోలీసులు వచ్చి అతన్ని తీసుకెళ్తారు.

శుక్రవారం పొద్దున ఎనిమిదీ పదికి ఒక సర్వేయరు నీళ్ల ట్యాంకు దగ్గర దిగుడు రోడ్డు మీద బ్రేకు నొక్కాడు. బ్రేకు పట్టలేదు. ఆగి ఉన్న ఇసుక లారీని గుద్దేశాడు. ఈరోజు సోమవారం, ఇంకా కళ్లు తెరవలేదు. ఆ బండికి గురువారమే ఇక్కడ సర్వీసు జరిగింది. ముందు చక్రం దగ్గర బ్రేకు ఆయిల్ పైపు కలిసే చోట బోల్టు వదులై, ఆయిలంతా కారిపోయిందని తేలింది. ఆ బోల్టు బిగించాల్సినవాడు పెద్ద మెకానిక్. చేసిన పనంతా రాసే జాబ్ కార్డు మీద సంతకమూ అతనిదే. ఇన్సూరెన్స్ కంపెనీ పంపిన పరిశోధకుడు ఒక్క పూటలో కేసు తేల్చి పారేశాడు.

నేను ప్రైవేటు డిటెక్టివ్‌ని. నన్ను పెట్టుకున్నది సర్వేయరు భార్య. టైలరు. ఆసుపత్రి వరండాలో కూడా ఒళ్లో ఎవరిదో చొక్కా పెట్టుకుని కాజాలు కుడుతోంది.

"ఏడేళ్లుగా మా ఆయన ఆ మెకానిక్ తప్ప ఇంకొకరు బండి ముట్టుకుంటే ఊరుకోలేదు మేడమ్," అంది, సూది ఆపకుండా. "అతనే చేశాడంటే సరే, జైలుకి పోనీ. కానీ దొరికినవాణ్ణి పట్టుకుని చేతులు దులుపుకుంటే మాత్రం నేనొప్పుకోను."

అదీ నా కేసు. టోకెను మడిచి సంచిలో పడేసి, నేరుగా కౌంటరు దగ్గరికి నడిచాను.

సర్వీసు మేనేజరు నన్ను చూసి గుర్తుపట్టాడు. గుర్తుపట్టడానికి కారణం కేసు కాదు, నా సొంత బండి. చైను దగ్గర టకటకమని శబ్దం వస్తోందని నెలలో మూడుసార్లు తెచ్చాను. నాలుగోసారి తెచ్చిన బండి ఇప్పటికీ ఇక్కడే ఏదో మూల పడి ఉంది.

"మేడమ్! మీ బండి శబ్దం ఇంకా తగ్గలేదా?"

"శబ్దం అలాగే ఉంది. నా ఓపికే తగ్గింది. ఇవాళ దాని గురించి కాదు. సర్వేయరుగారి బండి జాబ్ కార్డు కావాలి."

అతని చేతిలో పెన్ను ఒక్క క్షణం ఆగింది. మళ్లీ నవ్వాడు. ఈ కౌంటరు వెనక నవ్వు కూడా యూనిఫాంలో భాగం.

"సిస్టం పని చెయ్యట్లేదండీ. రేపు రండి."

"పోయిన నెలా ఇదే చెప్పారు. నాకు కాగితం కార్డు చాలు."

"అది బయటివాళ్లకి ఇవ్వకూడదు."

"బండి యజమాని భార్య రాసిచ్చిన లెటరు ఇదిగో. యజమాని అడిగితే కార్డు కాపీ ఇవ్వాలని మీ వెనక గోడ మీద మీరే రాసుకున్నారు. నాలుగో లైను."

వెనక్కి తిరిగి చూశాడు. ఆ బోర్డు తన వెనక ఎన్నేళ్లుగా ఉందో గానీ, చదవడం అదే మొదటిసారని అతని మెడ చూస్తేనే తెలిసింది. సొరుగు లాగి కార్డు తీసి, కాపీ చేయించి ఇచ్చాడు.

నిలబడే చదివాను. గురువారం, లోపలికి వచ్చిన టైము 9.50. మీటరు 18,412. ముందు బ్రేకు ప్యాడ్లు మార్చారు, ఆయిల్ మార్చారు, చైను బిగించారు. పని పూర్తి 12.10. ట్రయల్ రన్ రెండు కిలోమీటర్లు. బయటికి వెళ్లేటప్పుడు మీటరు 18,414. బండి అప్పగించిన టైము సాయంత్రం 5.30. అడుగున 'చివరి తనిఖీ' అన్న గడిలో పెద్ద మెకానిక్ సంతకం.

"ట్రయల్ రన్ ఎవరు చేశారు?"

"మెకానికే చేస్తాడు. అన్ని బండ్లకీ చేస్తాం."

నా సంచిలోంచి నా బండి పాత జాబ్ కార్డులు మూడూ తీసి బల్ల మీద పరిచాను. మూడింటిలోనూ ట్రయల్ రన్ రెండు కిలోమీటర్లే.

"మొదటిసారి నేను బండి ఇచ్చినప్పుడు మీటరు ఎంతుందో రాసుకున్నాను. తీసుకునేటప్పుడూ చూశాను. ఒక్క అంకె కదల్లేదు. మీ కార్డులో మాత్రం రెండు కలిపారు. మీరు బండిని తిప్పరు, పెన్నుని తిప్పుతారు."

"మేడమ్, రోజుకి యాభై బండ్లు. కంపెనీవాళ్లు గడి ఖాళీగా ఉంటే కార్డు వెనక్కి కొడతారు. అందరూ చేసేదే." గొంతు తగ్గించాడు. "రెండు కిలోమీటర్లతో ఏమవుతుంది చెప్పండి?"

ఏమీ కాదు. రెండు కిలోమీటర్లయితే.

పొద్దున తొమ్మిదిన్నరకి పోలీస్ స్టేషన్ పెరట్లో ఆ బండి చూశాను. పక్కకి పడేసి ఉంది, ముందు చక్రం పట్టుబడ్డ వేరే బండ్ల కింద ఇరుక్కుపోయి ఉంది. కానిస్టేబులు ఐదు నిమిషాల కంటే ఉండనివ్వలేదు. మీటరు ఫోటో మాత్రం తీసుకున్నాను. 18,497.

ఇప్పుడు కార్డు చేతికొచ్చాక, కౌంటరు దగ్గరే లెక్క కట్టాను. 18,412తో మొదలు. అబద్ధపు ట్రయల్ రన్ రెండూ నిజమే అనుకుందాం. ఇక్కడినుంచి సర్వేయరు ఇల్లు ఆరు. బండి రాత్రంతా మెట్ల కింద తాళం వేసి ఉందని భార్య చెప్పింది. తెల్లారి ఇంటి నుంచి నీళ్ల ట్యాంకు దాకా ఐదు. మొత్తం 18,425 కావాలి. మీటరులో డెబ్బై రెండు ఎక్కువున్నాయి. ముప్పై ఆరు పోను, ముప్పై ఆరు రాను.

ఎవరో ఆ బండిని ఈ ఆవరణలోంచి తీసుకెళ్లి, తిరిగి తెచ్చారు.

రెండూ నలభై. గేటు దగ్గర గార్డు కుర్చీలో కూర్చుని, ఒళ్లో రిజిస్టరు పెట్టుకుని, రాని గాలికి అట్టముక్కతో విసురుకుంటున్నాడు. అరవై దాటిన మనిషి.

"పెద్దాయనా, గురువారం పేజీ ఒకసారి చూడనిస్తారా?"

ఆయన నన్ను పైనుంచి కిందికి చూశాడు. అనుమానంతో కాదు, ఆశ్చర్యంతో.

"పదకొండేళ్లుగా రాస్తున్నానమ్మా. బండి పోతే రాస్తాను, వస్తే రాస్తాను. ఇంతవరకూ ఒక్కళ్లు కూడా ఇది తెరిచి చదవలేదు. నిండిపోతే కొత్తది ఇస్తారు, పాతది పైన పడేస్తారు. మీరే మొదటివారు. కూర్చోండి." కుర్చీ నాకిచ్చి తను లేచి నిలబడ్డాడు.

దస్తూరి ముత్యాల్లా ఉంది. సర్వేయరు బండి నంబరు రెండుసార్లే ఉంది. లోపలికి 9.50. బయటికి 5.35. మధ్యలో ఆ నంబరుతో ఏ బండీ గేటు దాటలేదు.

నా నీరసం రెట్టింపయింది. లెక్క తప్పా? మీటరు తప్పా? మళ్లీ పైనుంచి ఒక్కో వరుస మీద వేలు పెట్టి వచ్చాను. ఒంటిగంట దగ్గర వేలు ఆగింది.

'డెమో బండి. బయటికి 1.05. లోపలికి 3.40.'

"ఈ డెమో బండి ఏంటి?"

"కొనడానికి వచ్చినవాళ్లు నడిపి చూస్తారు కదమ్మా, అది. నల్లది. దానికి వేరే నంబరు. దాన్ని ఎవరు తీసుకెళ్లినా సంతకం పెట్టించుకుని వదిలెయ్యమన్నారు మేనేజరుగారు. పేరు అడగొద్దన్నారు."

సర్వేయరు బండీ అదే మోడలు. అదీ నల్లదే.

సంతకం వైపు చూశాను. పాము పడగెత్తినట్టు మొదటి అక్షరం, తర్వాత పొడుగ్గా ఒక తోక. ఇంకెవరైనా అయితే చదవలేక వదిలేసేవాళ్లు. నేను చదవనక్కర్లేదు. ఆ పడగనీ తోకనీ మూడేళ్లపాటు ప్రతి నెలా ఒకటో తారీఖున జీతం కాగితం మీద చూశాను.

నా దగ్గర పని నేర్చుకుని, నా దగ్గరే మానేసి, ఇన్సూరెన్స్ కంపెనీలో చేరినవాడు. ఈ కేసుని ఒక్క పూటలో తేల్చేసి, మెకానిక్‌తో నాలుగింటికి సంతకం పెట్టించబోయేవాడు. మనిషి కంటే ముందు అత్తరు వాసన వస్తుందని అప్పట్లో ఆఫీసులో అందరం 'సెంటు' అని పిలిచేవాళ్లం.

ఫోటో తీసుకుని, రిజిస్టరు మూసి ఆయన చేతిలో పెట్టాను. "ఇది ఇవాళ ఎవరడిగినా ఇవ్వకండి."

"అడిగేవాళ్లెవరమ్మా?" అన్నాడు గార్డు. కానీ రిజిస్టరుని చంకలో పెట్టుకున్నాడు.

పని జరిగే షెడ్డులో బండ్లని ఎత్తి నిలబెట్టే బల్లలు ఆరున్నాయి. డెమో బండి నాలుగో బల్ల మీద ఉంది. టైము రెండూ యాభై ఎనిమిది.

ఇంజను విప్పేశారు. ట్యాంకు తీసి కింద పెట్టారు. సీటు లేదు. బండి నిండా దుమ్ము, వేలితో పేరు రాయొచ్చు. ట్యాంకుకి కట్టిన చీటీ మీద 'మంగళవారం ఇంజను విప్పాం. పార్టు రాలేదు' అని ఉంది. ఆ మాట ఇక్కడ నాకూ మూడుసార్లు చెప్పారు. అందుకేనేమో చీటీని వెంటనే నమ్మేశాను.

చుట్టూ ఒకసారి తిరిగాను. రెండోసారి తిరిగేటప్పుడు వెనక వంగి చూశాను. మోకాళ్లు ఒద్దన్నాయి. నంబరు ప్లేటు శుభ్రంగా ఉంది. దాని చుట్టూ దుమ్ము పేరుకుంది, ప్లేటు మీద మాత్రం లేదు. పట్టి ఉంచిన స్క్రూలు రెండింటికీ గాడిలో కొత్త గీతలు, ఇనుము మెరుస్తోంది.

మంగళవారం నుంచి ఇంజను లేని బండి గురువారం గేటు దాటలేదు. దాని ప్లేటు దాటింది.

పెద్ద మెకానిక్ ఆఖరి బల్ల పక్కన పాత టైరు మీద కూర్చుని ఉన్నాడు. యాభై ఏళ్ల మనిషి. గుడ్డతో చేతులు తుడుచుకుంటున్నాడు. చేతులు అప్పటికే శుభ్రంగా ఉన్నాయి. అయినా తుడుస్తూనే ఉన్నాడు.

"సర్వేయరుగారి భార్య పంపారు," అన్నాను.

గుడ్డ ఆగింది. "ఆయనెలా ఉన్నారు?"

"అలాగే ఉన్నారు. మీరు ఎందుకు సంతకం పెడుతున్నారు?"

"నేను చేశానేమో కాబట్టి."

"చేశారా?"

"అదే నాకు తెలియట్లేదు మేడమ్." తల ఎత్తాడు. "రోజుకి పద్దెనిమిది బండ్లు నా చేతిమీదుగా పోతాయి. గురువారం ఆ బండి చేశాను. ఆ బోల్టు బిగించానా లేదా అని మూడు రోజులుగా నా చేతుల్ని అడుగుతున్నాను. అవి చెప్పట్లేదు."

"మరి చివరి తనిఖీ గడిలో సంతకం పెట్టారుగా? అప్పుడు చూసే ఉంటారు."

అతను తల దించుకుని చెప్పాడు. "ఆ సంతకాలు పొద్దున తొమ్మిదిన్నరకే పెట్టిస్తారు. ఇరవై ఖాళీ కార్డులు నా ముందు పెడతారు. పనిలో ఉండగా సంతకం కోసం నా వెనక తిరగడం మేనేజరుగారికి కుదరదు. నేనూ పోనీలే అనుకున్నాను. నాలుగేళ్లుగా అలాగే పెడుతున్నాను. బండి లోపలికి రాకముందే తనిఖీ అయిపోతుంది." గుడ్డని నాలుగు మడతలు పెట్టాడు. "సంతకం నాది. మరి తప్పు నాది కాకుండా ఎలా పోతుంది?"

"ఇంట్లో చెప్పారా?"

"మా ఆవిడకి చెప్పాను. చెయ్యని తప్పు నెత్తినేసుకోకు అంది. చేశానో లేదో నాకే తెలియదే అన్నాను. కంచం ముందునుంచి లేచిపోయింది."

నాకు ఆ ఇల్లు కళ్లకి కట్టింది. ఇలాంటివాళ్లతోనే కష్టం. దొంగ అయితే అబద్ధం చెప్పి తప్పించుకుంటాడు. మంచివాడు గుర్తులేదంటాడు, గుర్తులేదు కాబట్టి శిక్ష వెయ్యమంటాడు.

"సరే, ఆ బండి సంగతి వదిలెయ్యండి. ఏ బండికైనా బోల్టు బిగించాక మీ చెయ్యి చివరగా ఏం చేస్తుంది? గుర్తు అడగట్లేదు, అలవాటు చెప్పండి."

"గీత గీస్తాను."

"ఏం గీత?"

లేచి, పక్కనున్న బండి ముందు చక్రం దగ్గర కూర్చున్నాడు. బోల్టు తల మీదనుంచి దాని పక్కనున్న పైపు చివర మీదకి ఒకే పసుపు గీత. "రంగు పెన్నుతో గీస్తాను. బోల్టు తర్వాత ఏమాత్రం తిరిగినా గీత రెండు ముక్కలవుతుంది. చూడగానే తెలుస్తుంది. నేర్పిన గురువుగారు తిట్టి మరీ అలవాటు చేశారు. బిగించకుండా గీత గియ్యను. గీత గియ్యకుండా లేవను."

"సర్వేయరు బండి బోల్టు మీద గీత ఉందో లేదో ఎవరైనా చూశారా?"

"ఎవరూ అడగలేదు."

"మీరెందుకు చెప్పలేదు?"

"సంతకం ఎవరిదని అడిగారు. నాదే అన్నాను. ఇంకేం అడగలేదు."

"గురువారం ఒంటిగంట తర్వాత ఆ బండి చూశారా?"

"లేదు. పన్నెండూ పదికి దింపేశాను. తర్వాత వేరే బండి ఎక్కించాను." నుదురు చిట్లించాడు. "నాలుగున్నర ప్రాంతంలో మేనేజరుగారు స్టోర్సునుంచి బ్రేకు పైపు తీసుకెళ్తుంటే చూశాను. సార్ చేతిలో పార్టు చూసి చాలా ఏళ్లయింది, అందుకే గుర్తుంది."

పక్కన అద్దాల గది ఉంది. అద్దం అవతల మేనేజరు నిలబడి మా వైపే చూస్తున్నాడు. నేను చూడగానే ఫోను చెవికి పెట్టుకుని నడిచి వెళ్లిపోయాడు.

మూడూ ముప్పై ఐదు. అత్తరు వాసన వచ్చింది, వెనకే సెంటు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో టైపు చేసిన కాగితం.

"అక్కయ్యగారూ! ఇంకా బస్సుల్లోనే తిరుగుతున్నారా?"

"నా బండి వీళ్ల దగ్గరే ఉంది నాయనా. బస్సే దిక్కు."

"మీకెందుకండీ ఈ వయసులో ఈ తిరుగుడు? ఇంట్లో కాళ్లు చాపుకుని కూర్చోక. తప్పు చేసినవాడే ఒప్పుకుంటుంటే మధ్యలో మీ కేసేంటి? పెద్దాయనా, రండి. కాస్త ముందే పెట్టేద్దాం."

మెకానిక్ లేచాడు. నేను అతని భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టాను.

"నాలుగన్నారు. ఇరవై నిమిషాల పైనే ఉంది. గురువారం ఒంటిగంటకి ఎక్కడికెళ్లావు?"

సెంటు నవ్వాడు. "నన్నే విచారిస్తారా? బాగుంది. పనిమీద వెళ్లాను. ఒక గోదాము కాలిపోయింది, చూడ్డానికి."

"ఎంత దూరం?"

"ముప్పై ఐదో, ముప్పై ఆరో. నా కారు రిపేరులో ఉందని మేనేజరు డెమో బండి ఇచ్చాడు. అందులో తప్పేముంది?"

"కింద పడింది ఎక్కడ?"

"పడ్డానని ఎవరు చెప్పారు?"

"నీ అరచెయ్యి చెప్పింది. పెచ్చు కట్టిన గాయానికి నాలుగైదు రోజుల వయసుంటుంది. ఎక్కడ?"

చెయ్యి జేబులో పెట్టుకున్నాడు. నా దగ్గర పనిచేసే రోజుల్లో ఏ ఫైలు దాచినా ఇలాగే దాచేవాడు. "కంకర మీద కొంచెం జారాను. ముందు చక్రం రాయికి కొట్టుకుంది. అంతే. వచ్చేటప్పుడు ముందు బ్రేకు సరిగా పట్టలేదు, ఆ మాటే మేనేజరుతో చెప్పాను. డెమోనే కదా సార్, చూసుకుంటాం అన్నాడు. నా పనేదో నేను సక్రమంగానే చేశాను."

"నాలుగో బల్ల చూశావా?"

"ఎందుకు?"

"వెళ్లి చూడు."

వెళ్లాడు. నేను వెనక వెళ్లలేదు. మోకాళ్ల కోసం ఒకటి, అతని మొహం చూడాలని లేక ఒకటి. చీటీ చదివినట్టున్నాడు. చాలాసేపు వంగే ఉన్నాడు. తిరిగొచ్చేసరికి అత్తరు వాసన తప్ప అతనిలో పాతదేమీ మిగల్లేదు.

"మంగళవారం నుంచి ఆ బండికి ఇంజను లేదు," అన్నాను. "నువ్వు నడిపింది సర్వేయరు బండి. డెమో ప్లేటు పెట్టి ఇచ్చారు. నువ్వు పడేశావు. నలిగిన పైపుని మేనేజరు తన చేత్తో మార్చాడు, ఇంకొకరికి చెబితే బయటపడుతుందని. ఐదున్నరకల్లా అప్పగించాలన్న తొందరలో బోల్టు సరిగా బిగించలేదు. శుక్రవారం నువ్వు వచ్చి, ఆ ప్రమాదం మీద రిపోర్టు రాశావు."

"నాకు తెలియదు. అక్కయ్యగారూ, నిజంగా నాకు తెలియదు."

"తెలియదని నాకు తెలుసు. తెలిస్తే రిజిస్టరులో అంత అందంగా సంతకం పెట్టవు. ఇప్పుడు తెలిసింది కదా, రాసివ్వు."

"నా ఉద్యోగం పోతుంది."

"అవును, పోతుంది." అబద్ధం చెప్పి ధైర్యం ఇచ్చే ఓపిక నాలో లేదు.

అతను కిటికీ వైపు తిరిగాడు. తిరిగి మాట్లాడేటప్పుడు మళ్లీ ఇన్సూరెన్స్ మనిషి అయిపోయాడు. "రుజువేది? ఒక గార్డు రాత, కాస్త దుమ్ము, మీ కూడికలు, తీసివేతలు. ఏ లాయరైనా నవ్వుతాడు."

"బోల్టు ఉంది. ఈయన బిగించిన ప్రతి బోల్టు మీద పసుపు గీత ఉంటుంది. మేనేజరు బిగించిన దానిమీద ఉండదు. ఐదింటికి స్టేషన్‌లో ఆ బండి లేపించి చూద్దాం."

సెంటు తల అడ్డంగా ఊపాడు.

"బండి స్టేషన్‌లో లేదు," అన్నాడు. "పన్నెండింటికి నేనే విడుదల లెటరు ఇచ్చాను. కేసు అయిపోయింది కదా, ఎండలో పడి ఉండటం ఎందుకన్నాడు మేనేజరు. సరే అన్నాను. మూడింటికి వ్యాను పంపుతానన్నాడు."

"ఎక్కడికి తెస్తారు?"

జవాబు మెకానిక్ చెప్పాడు. "ఏ బండి వచ్చినా ముందు కడిగే షెడ్డుకే పోతుంది మేడమ్. ఇక్కడి పద్ధతి."

పరుగెత్తాను అని రాయాలని ఉంది. కుంటుకుంటూ వేగంగా నడిచాను. మెకానిక్ నాకంటే ముందు, సెంటు నా వెనక. షెడ్డు తలుపు లోపలినుంచి గడియ వేసి ఉంది. నీళ్ల మోటారు చప్పుడు లేదు. బండి కడిగేచోట నీళ్ల చప్పుడు లేకపోవడం నాకు నచ్చలేదు.

"గొట్టాల వైపు ఇంకో తలుపుంది," అని మెకానిక్ మమ్మల్ని చుట్టూ తిప్పి తీసుకెళ్లాడు. ఆ తలుపుకి గడియ లేదు.

మేనేజరు మాకు వీపు పెట్టి, సర్వేయరు బండి ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఎడమ చేతిలో వెలుగుతున్న ఫోను. కుడి చేతిలో రంగు పెన్ను.

నేను మొదట ఫోటో తీశాను. 3.52. మాట తర్వాత.

"ఏం చేస్తున్నారు?"

అదిరిపడి లేచాడు. పెన్ను కింద పడి కాలువలోకి దొర్లింది. "ఏముంది, స్టోర్సువాళ్ల కోసం పార్టు మీద గుర్తు పెడుతున్నాను."

మెకానిక్ అతన్ని పట్టించుకోలేదు. చక్రం ముందు మోకాళ్ల మీద కూర్చుని, చేతులు వెనక్కి పెట్టుకుని, మొహం మాత్రం దగ్గరగా పెట్టి చూశాడు. బోల్టు తల మీదనుంచి పైపు చివర మీదకి పసుపు గీత. వెలుతురుకి మెరుస్తోంది.

"ఇంకా తడి ఆరలేదు సార్," అన్నాడు.

మేనేజరు ఫోను వెలుతురు ఆర్పేశాడు.

"నా గీత ముందే ఉంటే, మళ్లీ గియ్యడం ఎందుకు సార్?"

మెకానిక్ ఆ ప్రశ్నకి జవాబు తనే వెతుక్కుంటున్నట్టు వెనకనున్న చేతుల్ని ముందుకి తెచ్చి, ఒళ్లో పెట్టుకుని, వాటినే చూశాడు.

"అయితే నేను బిగించాను," అన్నాడు. ఇంకోసారి అన్నాడు, ఈసారి నాతో. "మేడమ్, నేను బిగించాను. నా బోల్టూ, నా గీతా పాత పైపుతో పోయాయి."

"అవును. మీరు బిగించారు."

"ఖాళీ కార్డుల మీద సంతకాలు పెట్టింది మాత్రం నేనే. అది రాసిస్తాను. దానికెంత పడితే అంత పడనీ. ఈ బోల్టు గురించి మాత్రం రాయను."

మేనేజరు అప్పటికి తేరుకున్నాడు. మెకానిక్‌ని వదిలేసి సెంటు వైపు అడుగు వేశాడు. "సార్, మీరొక్కసారి ఆలోచించండి. బండి పడేసింది ఎవరు? లెటరు ఇచ్చింది ఎవరు? నేను మునిగితే మిమ్మల్ని వదిలి మునగను. ఈవిడ ఫోటోలో పెన్ను పట్టుకున్న చెయ్యి తప్ప ఇంకేం లేదు. మీరు గురువారం ఇక్కడికి రాలేదంటే రాలేదు. గేటు పుస్తకం సంగతి నేను చూసుకుంటాను."

సెంటు గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. అంత ఇస్త్రీ చొక్కాకీ గోడ తడి అంటుకుంటున్నా కదల్లేదు. నా దగ్గర చేరిన మొదటి వారం గుర్తొచ్చింది నాకు. ఇంటింటికీ తిరిగి అడిగి, సాయంత్రానికి చెప్పుల తోలు ఊడొచ్చినా, 'ఇంకో వీధి ఉంది మేడమ్' అన్న కుర్రాడు. తర్వాత ఎక్కడ అలిసిపోయాడో నాకు తెలియదు. నేను అలిసిపోయిన చోటే అయ్యుండాలి.

అతను టైపు చేసిన కాగితం వెనక్కి తిప్పాడు. నీళ్ల డ్రమ్ము మూత మీద పెట్టి, జేబులోంచి పెన్ను తీశాడు.

"సార్!" అన్నాడు మేనేజరు.

సెంటు రాయడం మొదలుపెట్టాడు.

అప్పుడే నా ఫోను మోగింది. సర్వేయరు భార్య. ఆ ఇరుకు షెడ్డులో ఆమె గొంతు అందరికీ వినపడింది. ఏడుపు లేదు. పని అప్పజెప్పేటప్పుడు కొలతలు చెప్పినట్టు చెప్పింది.

"మూడూ నలభైకి ఆయన పోయారు మేడమ్. ఇప్పుడే డాక్టరు చెప్పారు. ఇన్‌స్పెక్టరుగారు ఇక్కడే ఉన్నారు. ఇప్పుడిది నిర్లక్ష్యం వల్ల జరిగిన చావు కింద రాయాలో, ఇంకెలా రాయాలో మీరొచ్చాక మాట్లాడతారట. ఎవరి పేరు రాయించను?"

మెకానిక్ రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. ఏడేళ్లు ఆ బండిని చూసుకున్నవాడు. మేనేజరు కళ్లు గేటు వైపు తలుపు మీదకి, అక్కడినుంచి సెంటు చేతి మీదకి పోయాయి. ఒక్క ఫోను కాల్‌లో దెబ్బ కేసు చావు కేసయింది. అది మాలో అందరికంటే ముందు లెక్క కట్టగలిగినవాడు ఇన్సూరెన్స్ మనిషే.

"రెండు నిమిషాలు లైన్లో ఉండండమ్మా," అన్నాను.

సెంటు పెన్ను ఆగిపోయింది. అతని భుజం మీదుగా చూశాను. కాగితం మీద ఒక్క వరుసే ఉంది. 'గురువారం మధ్యాహ్నం 1.05కి సర్వేయరుగారి బండిని ఇక్కడినుంచి నడుపుకుంటూ తీసుకెళ్లింది' అని ఉంది. తీసుకెళ్లింది ఎవరో మాత్రం ఇంకా రాయలేదు.